వేగంగా లెక్కిస్తే తప్పు వస్తుందా? డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పద్ధతిని ఎంచుకోవడం వెనుక లెక్కలు

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ వైవాల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "డీఎఫ్‌టీ బదులు ఎఫ్‌ఎఫ్‌టీ వాడితే ఖచ్చితత్వం ఎంత తగ్గుతుంది?" సిగ్నల్లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో తేల్చే లెక్క డీఎఫ్‌టీ (డిస్క్రీట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్); దాన్నే త్వరగా చేసే పద్ధతి ఎఫ్‌ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్). ఎదురుగా నిలబడ్డ విద్యార్థి క్షణం తటపటాయించి, "కొంచెం తగ్గుతుంది సార్" అంటాడు. పని త్వరగా అయిందంటే ఎక్కడో కక్కుర్తి పడ్డారని అనుమానించడం మనకు అలవాటు కాబట్టి ఆ జవాబు నోటికి సహజంగానే వచ్చేస్తుంది. ఒకప్పుడు నేనూ అదే చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. అసలు సంగతి దానికి తలకిందులు. కంప్యూటర్లలో మామూలుగా వాడే ఫ్లోటింగ్ పాయింట్ అంకగణితంలో (సంఖ్య పరిమాణాన్ని బట్టి బిందువు జరిగే పద్ధతిలో), సుమారు వెయ్యి విలువల లెక్కను రెండు వందల రెట్లు తక్కువ గుణకారాలతో ముగించే ఎఫ్‌ఎఫ్‌టీయే ఎక్కువ ఖచ్చితమైన జవాబు ఇస్తుంది.

స్మార్ట్ వాచీ నాడి కొట్టుకోవడం లెక్కపెట్టినా, ఇయర్‌ఫోన్ చుట్టుపక్కల రొదను అణచినా, ఫోను మన మాటను అవతలివారికి చేరవేసినా లోపల జరిగేది ఇలాంటి లెక్కే. వీటి గురించి మాట్లాడేటప్పుడు వేగాన్నీ ఖచ్చితత్వాన్నీ ఒకే త్రాసులోని రెండు పళ్లేలుగా చూడటం వల్లే చాలా గందరగోళం పుడుతోంది. ఎన్ని గుణకారాలు, ఎంత మెమరీ, ఎంత ఆలస్యం, ఏ రకం తప్పు అన్నవి వేర్వేరు పద్దులు. ఒక పద్దులో ఆదా చేస్తే మరో పద్దులో ఖర్చు పెరిగి తీరాలన్న నియమమేదీ లేదు. ఒక్కోసారి పెరుగుతుంది, ఒక్కోసారి రెండూ కలిసే తగ్గుతాయి. ఎప్పుడు ఏది జరుగుతుందో కొన్ని నిజమైన లెక్కలతో చూద్దాం.

ముందు రెండు రకాల తప్పుల్ని విడదీయాలి

మైక్రోఫోన్ ఇచ్చే వోల్టేజీ ఎడతెగని ప్రవాహం. దాన్ని సెకనుకు ఇన్నిసార్లు కొలిచి రాసుకున్న సంఖ్యలే శాంపిళ్లు. సంప్రదాయ టెలిఫోనులో సెకనుకు 8,000 శాంపిళ్లు తీస్తారు. ఆడియో సీడీలో 44,100. సిగ్నల్లోని ఫ్రీక్వెన్సీలు శాంపిళ్ల వేగంలో సగానికి లోపే ఉండాలి. అంతకు మించినది ఏదైనా ఉంటే అది మాయమైపోదు, మారువేషంలో తక్కువ ఫ్రీక్వెన్సీగా దిగివచ్చి అసలు సిగ్నల్‌తో కలిసిపోతుంది. ఒక్కో శాంపిలును ఎన్ని బిట్లలో రాస్తామన్నది రెండో సంగతి. 16 బిట్లంటే 65,536 మెట్లు; నిండు స్థాయి సైన్ తరంగానికీ, గుండ్రం చేయడం వల్ల పుట్టే రొదకూ మధ్య దూరం అప్పుడు సుమారు 98 డెసిబెల్స్ ఉంటుంది.

ఇక తప్పులు రెండు రకాలు. సంఖ్యల్ని గుండ్రం చేయడం వల్ల వచ్చేది అంకగణితపు తప్పు. ఎంచుకున్న పద్ధతి స్వభావం వల్ల వచ్చేది మరొకటి. లెక్కను అనంతమైన దశాంశాల వరకు చేసినా ఇది పోదు. ఉదాహరణకు టెలిఫోన్ వేగంతో తీసిన 256 శాంపిళ్లను తీసుకుని వాటిలో ఏ ఫ్రీక్వెన్సీలున్నాయో చూస్తే, జవాబు 31.25 హెర్ట్జ్‌కొక గడి చొప్పున వస్తుంది. 1,000 హెర్ట్జ్ స్వరం సరిగ్గా 32వ గడిలో కూర్చుంటుంది. అదే 1,010 హెర్ట్జ్ అయితే 32.32 దగ్గర, అంటే రెండు గడుల మధ్య పడి, దాని శక్తి చుట్టుపక్కల గడుల్లోకి ఒలికిపోతుంది. శాంపిళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కత్తిరించి తీసుకుంటే ఈ ఒలుకులో అతి పెద్ద పక్క శిఖరం అసలు శిఖరానికి 13 డెసిబెల్స్ మాత్రమే కింద ఉంటుంది. రెండు చివరలూ మెల్లగా సున్నాకు దిగేలా హాన్ విండోతో గుణిస్తే అది 31 డెసిబెల్స్ కిందికి పోతుంది, కాని అసలు శిఖరం వెడల్పు రెట్టింపవుతుంది. ఇక్కడ 32 బిట్ల బదులు 64 బిట్లు వాడినా ఒరిగేదేమీ లేదు. బిట్లు పెంచడంతోనే ఖచ్చితత్వం వస్తుందనుకునేవారు మొదట చూడాల్సిన ఉదాహరణ ఇది.

ఎఫ్‌ఎఫ్‌టీ ఉజ్జాయింపు కాదు

ఎన్ని శాంపిళ్లుంటే అన్ని ఫ్రీక్వెన్సీ గడులు. ఒక్కో గడి విలువకు శాంపిళ్లన్నిటినీ ఒక్కో సంకీర్ణ సంఖ్యతో గుణించి కూడటమే డీఎఫ్‌టీ. 1,024 శాంపిళ్లకు సూత్రాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే 10,48,576 గుణకారాలు కావాలి. ఎఫ్‌ఎఫ్‌టీ అనేది వేరే రూపాంతరం కాదు, దాన్నే లెక్కించే తెలివైన క్రమం. సరి స్థానాల శాంపిళ్లకూ బేసి స్థానాల శాంపిళ్లకూ విడివిడిగా లెక్క కట్టి, ఒకసారి వచ్చిన ఫలితాన్ని రెండు గడులకు వాడుకుంటుంది; ఆ సగాల్ని మళ్లీ సగాలు చేసుకుంటూ పోతుంది. 10 దశల్లో, దశకు 512 చొప్పున, 5,120 గుణకారాలతో పని పూర్తవుతుంది. శాంపిళ్లు పెరిగేకొద్దీ తేడా ఇంకా పెరుగుతుంది. 10,48,576 శాంపిళ్లకు, సెకనుకు 10 కోట్ల సంకీర్ణ గుణకారాలు చేసే యంత్రం మీద నేరు పద్ధతికి 3 గంటలు పడితే, ఎఫ్‌ఎఫ్‌టీకి సెకనులో పదో వంతు చాలు.

ఈ పద్ధతిని 1965లో జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ ప్రచురించాకే ప్రపంచమంతా వాడటం మొదలైంది. అయితే చిన్న గ్రహాల కక్ష్యల లెక్కల కోసం గణితవేత్త గౌస్ 1805 ప్రాంతంలోనే ఇదే కిటుకును రాసుకున్నాడు, అంటే ఈ రూపాంతరానికి పేరిచ్చిన ఫూరియర్ తన సిద్ధాంతాన్ని 1807లో సమర్పించకముందే. గౌస్ రాసింది ఆయన పోయాక 1866లో లాటిన్‌లో అచ్చయింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఖచ్చితత్వం ఎందుకు పెరుగుతుందో అర్థం చేసుకోవడానికి కబడ్డీ పోటీ చాలు. 1,024 జట్ల నాకౌట్ పోటీలో గెలిచిన జట్టు ఆడేది 10 ఆటలే. నేరు పద్ధతిలో ఒక్కో గడి మొత్తం 1,024 కూడికల వరుస గుండా వెళ్తుంది, ప్రతి కూడిక దగ్గరా కాస్త గుండ్రం అవుతుంది. ఎఫ్‌ఎఫ్‌టీలో ఏ సంఖ్యయినా దాటేది 10 దశలే. గుండ్రం చేయడంలోని తప్పులు కొన్ని పైకి, కొన్ని కిందికి పోతూ సగటున వర్గమూలం లెక్కన పెరుగుతాయనుకుంటే, ఒకవైపు 1,024కు వర్గమూలం 32, మరోవైపు 10కి వర్గమూలం సుమారు 3.2. పది రెట్ల తేడా, అదీ వేగమైన పద్ధతి వైపే.

ఇందులో రెండు షరతులున్నాయి. గుణించే సైన్, కొసైన్ విలువల పట్టికను జాగ్రత్తగా లెక్కించి పెట్టుకోవాలి. ఒకదాన్నుంచి ఇంకొకటి వరుసగా గుణించుకుంటూ పుట్టిస్తే ఆ వరుసలోని తప్పు మొత్తం ఫలితంలోకి దిగుతుంది. రెండోది, 16 బిట్ల పూర్ణాంకాలతో పనిచేసే చిన్న చిప్పుల్లో కథ మారుతుంది. అక్కడ సంఖ్య 16 బిట్లలో పట్టే గీత దాటకుండా ఉండాలంటే ఎఫ్‌ఎఫ్‌టీ దశల్లో విలువల్ని సగం చేస్తూ పోవాలి, సగం చేసినప్పుడల్లా కింది బిట్లు రాలిపోతాయి. నేరు పద్ధతిలో మొత్తాన్ని వెడల్పైన రిజిస్టరులో (ప్రాసెసర్ లోపల సంఖ్యను ఉంచే గదిలో) పోగుచేసి చివర్లో ఒక్కసారే గుండ్రం చేయవచ్చు కనుక అక్కడ దానిదే పైచేయి కావచ్చు. కాబట్టి వైవాలో "తగ్గుతుంది" అన్న విద్యార్థి పూర్తిగా తప్పు కాదు. ఏ అంకగణితంలో అని ఎదురు ప్రశ్న వేసి ఉంటే పూర్తి మార్కులకు అర్హుడు.

ఎనిమిది గడులే కావాల్సినచోట

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "తెలుగు కోసం రెండు నొక్కండి" అంటుంది. ఆ రెండు నొక్కగానే 697, 1,336 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి లైను మీద వెళ్తాయి. కీప్యాడ్ అడ్డ వరుసలకు 697, 770, 852, 941. నిలువు వరుసలకు 1,209, 1,336, 1,477, 1,633. అవతలి యంత్రానికి కావాల్సింది ఈ ఎనిమిది చోట్ల శక్తి ఎంతుందో మాత్రమే. మిగతా గడుల్ని కూడా లెక్కించి పారేయడం, రెండు ఇడ్లీల కోసం హోటల్ వంటగది మొత్తం వెలిగించడమే.

1958లో గెర్ట్‌జెల్ ప్రతిపాదించిన పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక చిన్న లెక్క నడుస్తుంది. వచ్చిన ప్రతి శాంపిలుకు ఒక గుణకారం, రెండు కూడికలు, గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే సంఖ్యలు. సాధారణంగా 205 శాంపిళ్ల ముక్కను తీసుకుంటారు, అంటే 25.6 మిల్లీసెకన్లు. ఎనిమిది ఫ్రీక్వెన్సీలకు 1,640 గుణకారాలు. 256 శాంపిళ్ల ఎఫ్‌ఎఫ్‌టీకి 1,024 సంకీర్ణ గుణకారాలు, అంటే మామూలు గుణకారాల్లో 4,096. శాంపిళ్లు వాస్తవ సంఖ్యలే కనుక కిటుకుతో దాన్ని సగానికి తేవచ్చు. అప్పుడు తేడా చెప్పుకోదగ్గంత ఉండదు. అసలు లాభం మెమరీలోనే ఉంది: 256 శాంపిళ్లు పోగయ్యేదాకా దాచిపెట్టక్కర్లేదు, 16 సంఖ్యలతో పని జరిగిపోతుంది.

205 అన్న అంకె యాదృచ్ఛికం కాదు. 8,000ను 205తో భాగిస్తే గడి వెడల్పు 39.02 హెర్ట్జ్. అప్పుడు 697 పడేది 17.86 దగ్గర, అంటే 18వ గడికి దగ్గరగా. 770 పడేది 19.73 దగ్గర, 1,209 దాదాపు సరిగ్గా 31 మీద. ఎనిమిదీ ఏదో ఒక పూర్ణ గడికి దగ్గర్లోనే ఉంటాయి. 100 శాంపిళ్లే తీసుకుంటే గడి 80 హెర్ట్జ్ అవుతుంది, 697కూ 770కీ మధ్య ఉన్న 73 హెర్ట్జ్ ఎడాన్ని అది విడదీయలేదు. మరీ పొడవైన ముక్క తీసుకుంటే గబుక్కున నొక్కి వదిలేసిన అంకె చేజారుతుంది. ఇక్కడ ఖచ్చితత్వమంటే దశాంశాలు కాదు, నొక్కిన అంకె సరిగ్గా తేలడం. ఇదే గెర్ట్‌జెల్ పద్ధతిని లక్షల శాంపిళ్ల మీద, సున్నాకు దగ్గరి ఫ్రీక్వెన్సీకి వాడితే గుండ్రం చేసే తప్పు ముక్క పొడవు వర్గం లెక్కన పెరిగిపోతుంది. 205 దగ్గర మాత్రం ఆ బాధ లేదు.

ఈసీజీ కాగితం మీద రెండు ఫిల్టర్ల తగవు

ఈసీజీ గీత మీద సన్నని రంపపు పళ్లలాంటి వణుకు కనిపిస్తే అది చాలాసార్లు గదిలోని 50 హెర్ట్జ్ కరెంటు ప్రభావమే. దాన్ని తీసేయడానికి రెండు కుటుంబాల ఫిల్టర్లున్నాయి. ఎఫ్‌ఐఆర్ (ఫైనైట్ ఇంపల్స్ రెస్పాన్స్) ఫిల్టర్ గత శాంపిళ్లకు తూకాలు వేసి కూడుతుంది, అంతే. ఐఐఆర్ (ఇన్ఫినిట్ ఇంపల్స్ రెస్పాన్స్) ఫిల్టర్ తన పాత జవాబుల్ని కూడా మళ్లీ లెక్కలోకి తీసుకుంటుంది, కాబట్టి తక్కువ గుణకారాలతో పదునైన కోత పెట్టగలదు.

సెకనుకు 500 శాంపిళ్ల ఈసీజీ అనుకుందాం. 50 హెర్ట్జ్ దగ్గర సన్నని గాడి (ఆ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలను మాత్రమే కోసేది) కావాలి, అంచు 2 హెర్ట్జ్‌లో 60 డెసిబెల్స్ దిగాలి. ఎఫ్‌ఐఆర్‌కు కావాల్సిన పొడవును అంచనా వేసే వాడుక సూత్రం ఒకటుంది: డెసిబెల్స్‌ను 22తో భాగించి, వచ్చినదాన్ని శాంపిళ్ల వేగానికీ అంచు వెడల్పుకూ ఉన్న నిష్పత్తితో గుణించాలి. ఇక్కడ ఆ నిష్పత్తి 250, కాబట్టి సుమారు 682 తూకాలు. ఐఐఆర్ గాడికి శాంపిలుకు 5 గుణకారాలు చాలు. 682 ఎక్కడ, 5 ఎక్కడ అని ఐఐఆర్ వైపు తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. కాని సెకనుకు 500 సార్లు 682 అంటే 3,41,000 గుణకారాలు, ఈనాటి చిన్న చిప్పుకు కూడా అది పని కింద లెక్క కాదు. కాబట్టి గుణకారాల పద్దు ఇక్కడ తీర్పరి కాదు; తీర్పరులు ఆలస్యం, ఆకారం.

తూకాలు సౌష్ఠవంగా ఉన్న ఎఫ్‌ఐఆర్ అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమానంగా ఆలస్యం చేస్తుంది కనుక అలల మధ్య వరస చెడదు. ఆ ఆలస్యం పొడవులో సగం, 341 శాంపిళ్లు, అంటే 0.68 సెకన్లు. కాగితం మీద అచ్చయ్యే రికార్డుకు అది లెక్కలోది కాదు. గుండె లయను చూసి ఆ క్షణమే స్పందించాల్సిన పరికరానికి మాత్రం పనికిరాదు. ఐఐఆర్ గాడిలో ఆలస్యం తక్కువే, కాని 2 హెర్ట్జ్ వెడల్పు గాడి, గంట కొట్టినట్టు, ప్రతి నిటారు శిఖరం తర్వాత కాసేపు 50 హెర్ట్జ్ దగ్గర మోగుతూనే ఉంటుంది. ఆ మోత మొదటి బలంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మిగిలేలా తగ్గేందుకే 0.16 సెకన్లు పడుతుంది. శిఖరం వెంటనే వచ్చే ఎస్‌టీ భాగంలోనే గుండెపోటు ఆనవాళ్లను వైద్యులు వెతుకుతారు కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే మోత కాదు. ఎఫ్‌ఐఆర్ నిర్దోషి అని కాదు: దాని సౌష్ఠవం వల్ల అలాంటి మోతే శిఖరానికి ముందూ వెనుకా సమానంగా పంచుకుని వస్తుంది. పుట్టకముందే వినిపించే ఆ మోతను చూసి తికమకపడేవారు చాలామందే.

గీత మొత్తం పైకీ కిందికీ తేలిపోవడాన్ని ఆపే తక్కువ ఫ్రీక్వెన్సీ కోత దగ్గర ఈ తేడా ప్రమాణాల్లోకే ఎక్కింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007 నాటి సిఫార్సుల్లో మామూలు ఫిల్టరుకు కోతను 0.05 హెర్ట్జ్ దగ్గరే ఉంచమన్నారు. ఫేజ్ వంకర (అలల మధ్య వరస చెడటం) ఏమాత్రం లేని డిజిటల్ ఫిల్టర్ అయితే 0.67 హెర్ట్జ్ దాకా వెసులుబాటు ఇచ్చారు. అంటే ఎంత కోశారన్నదానికన్నా అలల వరస చెడిందా లేదా అన్నదే వైద్యానికి ముఖ్యమని తేల్చారన్నమాట. రికార్డు పూర్తయ్యాక లెక్కించే వీలుంటే మూడో దారీ ఉంది: అదే ఐఐఆర్‌ను ఒకసారి ముందునుంచి, ఒకసారి వెనకనుంచి నడిపిస్తే ఫేజ్ వంకరలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

32707, 16323: ఒక ఫిల్టర్ ఎలా చస్తుంది

ఐఐఆర్ మీద అసలు ఫిర్యాదు వేరే ఉంది. పాత జవాబుల్ని తిప్పి వాడుకునే లెక్కలో గుణకాల్ని (ఆ జవాబుల్ని గుణించే స్థిర సంఖ్యల్ని) గుండ్రం చేస్తే ఫిల్టర్ స్వభావమే మారిపోవచ్చు. ఇది దగ్గరగా చూడదగ్గది.

సెకనుకు 48,000 శాంపిళ్ల ఆడియోలో 20 హెర్ట్జ్‌కు లోపలివాటిని మాత్రమే వదిలే రెండో తరగతి (చివరి రెండు జవాబుల్ని వాడుకునే) బటర్‌వర్త్ రకం ఐఐఆర్ ఫిల్టర్ కావాలనుకుందాం. పాత జవాబుల్ని గుణించే రెండు సంఖ్యలు 1.9962976, 0.9963044 అని తేలుతాయి. ఒకటికి రెండోదాన్ని కలిపి మొదటిదాన్ని తీసేస్తే మిగిలేది 0.00000684. ఫిల్టర్ ప్రాణమంతా ఆ చిటికెడు శేషంలోనే ఉంది. స్థిరంగా ఉన్న ఇన్‌పుట్‌కు జవాబు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది అదే. ఇప్పుడీ గుణకాల్ని 16 బిట్లలో, 16,384ను ఒకటిగా పెట్టుకుని రాద్దాం. మొదటిది 32707.34, గుండ్రం చేస్తే 32707. రెండోది 16323.45, గుండ్రం చేస్తే 16323. ఇక 16384కు 16323 కలిపి 32707 తీసేయండి. సరిగ్గా సున్నా. ఇన్‌పుట్‌ను గుణించే సంఖ్యల్ని వేరే స్కేలుతో భద్రంగా కాపాడుకున్నామనుకున్నా, ఈ ఫిల్టర్ ఇక ఫిల్టర్ కాదు. ఇన్‌పుట్‌లో ఇసుమంత స్థిర విలువ ఉన్నా దాన్ని అంతులేకుండా కూడబెడుతూ గీత దాటేస్తుంది.

గుణకాలను 32 బిట్లకు పెంచడం ఒక మందు. నాకు ఎక్కువ నచ్చేది ఇంకొకటి. 20 హెర్ట్జ్ లోపలివాటి కోసం సెకనుకు 48,000 సార్లు లెక్కించడమే అనవసరం. ముందు ఒక మామూలు ఫిల్టరుతో వేగాన్ని 480 శాంపిళ్లకు దించి, ఆ తర్వాత అదే 20 హెర్ట్జ్ కోత పెడితే ఆ శేషం 0.0576 అవుతుంది; 16 బిట్లలో 900కు పైగా మెట్లు. చివరి ఫిల్టర్ పని వంద రెట్లు తగ్గింది, గుండ్రం చేసినా చెక్కుచెదరదు. వేగమూ ఖచ్చితత్వమూ కలిసి వచ్చిన సందర్భం ఇది కూడా.

అలా శేషం సున్నా కావడాన్ని ప్రమాదంగా కాక పనిముట్టుగా వాడుకున్న ఉదాహరణ మన తెలుగువారి నుంచే ఉంది. కె. శ్రీరామమూర్తి, బి. యజ్ఞనారాయణ 2008లో ప్రచురించిన పద్ధతి మాటలో స్వరతంత్రులు మూసుకునే క్షణాల్ని పట్టుకుంటుంది. ఆ క్షణంలో పుట్టే కుదుపు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ, సున్నా హెర్ట్జ్ దగ్గర కూడా కనిపిస్తుంది. నోరు, గొంతు కలిపే ప్రతిధ్వనులు మాత్రం అక్కడికి చేరవు. అందుకని మాటను సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర మోగే ఫిల్టర్ గుండా రెండుసార్లు పంపి, అదుపు లేకుండా పెరిగే ఫలితంలోంచి స్థానిక సగటును తీసేస్తే, సున్నాను దాటే చోట్లే ఆ క్షణాలు. ఆలోచన ఎంత అందమైనదో అంకగణితం అంత కర్కశం. రెండు ఫిల్టర్లు కలిస్తే నాలుగుసార్లు వరుసగా కూడబెట్టినట్టు. ఇన్‌పుట్ ఎడతెగకుండా ఒకటి అనుకుంటే 141వ శాంపిలుకే మొత్తం 1,71,78,876కు చేరుతుంది. 32 బిట్ల ఫ్లోట్ (ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య) తప్పు లేకుండా లెక్కపెట్టగల పూర్ణాంకాల హద్దు 1,67,77,216. సెకనుకు 16,000 శాంపిళ్ల మాటలో 9 మిల్లీసెకన్లకే హద్దు దాటేశామన్నమాట. అందుకే ముందుగా పక్క శాంపిళ్ల తేడా తీసి స్థిర భాగాన్ని తొలగిస్తారు, లెక్కను 64 బిట్ల డబుల్‌లో చేస్తారు.

పూర్ణాంకం గెలిచి ఫ్లోట్ ఓడే చోటు

ఫ్లోట్ అంటే ఖచ్చితం, పూర్ణాంకం అంటే మొరటు అనుకోవడం ఇంకో అలవాటు. చివరి వెయ్యి శాంపిళ్ల మొత్తం ఎప్పటికప్పుడు కావాలనుకోండి. ప్రతిసారీ వెయ్యి కూడికలు చేయక్కర్లేదు. కొత్తగా వచ్చినదాన్ని కలిపి, వెయ్యి శాంపిళ్ల కిందటిదాన్ని తీసేస్తే చాలు. ఇప్పుడు 32 బిట్ల ఫ్లోట్‌లో మొత్తం 3 దగ్గర ఉండగా 10,00,00,000 విలువ గల ఒక కుదుపు వచ్చింది. ఆ స్థాయిలో పక్కపక్క ఫ్లోట్ సంఖ్యల మధ్య ఎడం 8, కాబట్టి 10,00,00,003 అన్న సంఖ్యే అక్కడ లేదు, 10,00,00,000గా గుండ్రమైపోతుంది. కుదుపు వెళ్లిపోయాక దాన్ని తీసేస్తే మిగిలేది 3 కాదు, సున్నా. ఆ మూడు ఇక ఎప్పటికీ తిరిగి రాదు. 32 బిట్ల పూర్ణాంకాలతో ఇదే చేస్తే తప్పనేదే ఉండదు. మధ్యలో రిజిస్టరు నిండి చుట్టు తిరిగి రుణ సంఖ్యగా మారినా, చివరి జవాబు హద్దులో ఉంటే చాలు, తీసివేతలో మళ్లీ చుట్టు తిరిగి సరైన చోటికే వస్తుంది. 1981లో యూజీన్ హోగెనవర్ వివరించిన, గుణకారమే లేని ఫిల్టర్లు ఈ గుణం మీదే నిలబడి రేడియో రిసీవర్ల చిప్పుల్లో ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

గాదంకి రాడార్‌లో కూడికే ఫిల్టర్

తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే ఎంఎస్‌టీ (మెసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే వాతావరణ పొరలను చూసే) రాడార్ ఉంది. పైనున్న గాలి కదలికను అది ప్రతిధ్వనుల ఫ్రీక్వెన్సీ మార్పు నుంచి కొలుస్తుంది. ఇలాంటి రాడార్లలో వచ్చిన ప్రతిధ్వనులన్నిటినీ నేరుగా ఎఫ్‌ఎఫ్‌టీకి పంపరు. ముందు కొన్నిటిని ఊరికే కలిపేస్తారు. ఉదాహరణకు మిల్లీసెకనుకొక తరంగం పంపుతూ 64 ప్రతిధ్వనుల్ని కలిపి ఒకటి చేస్తే లెక్కించాల్సిన శాంపిళ్లు 64 రెట్లు తగ్గుతాయి, రొదతో పోలిస్తే సిగ్నల్ 18 డెసిబెల్స్ మెరుగవుతుంది.

ఫిల్టరుగా చూస్తే ఊరికే కూడటం చాలా నాసి ఫిల్టర్. అది ఇక్కడ ఎంత నష్టం చేస్తుందో లెక్క వేద్దాం. 53 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు కాబట్టి రాడార్ వైపు సెకనుకు 10 మీటర్ల గాలి 3.53 హెర్ట్జ్ మార్పు తెస్తుంది. 64 మిల్లీసెకన్ల కూడిక ఆ ఫ్రీక్వెన్సీని తగ్గించేది 0.74 డెసిబెల్ మాత్రమే. కొలవగల హద్దు 7.8 హెర్ట్జ్, అంటే సెకనుకు 22 మీటర్లు. అక్కడ కూడా నష్టం 3.9 డెసిబెల్సే. నిటారు దిశకు దగ్గరగా చూసే రాడార్‌కు ఎదురయ్యే వేగాలు తరచూ ఇంతకన్నా చాలా తక్కువ కనుక పదునైన ఫిల్టర్ కట్టినా అదనంగా దక్కేది కొంచెమే. అదే కూడికను ఆడియోకు వాడితే పై హద్దు దగ్గరి స్వరాలు మందగించడం, హద్దు దాటినవి మారువేషంలో దిగిరావడం ఎవరి చెవికైనా తెలుస్తుంది.

ఆలస్యం కూడా ఒక ధరే

ఒక సభామందిరం ప్రతిధ్వనిని రికార్డు చేసి, స్టూడియోలో వాయించిన మృదంగానికి దాన్ని అద్దాలనుకుందాం. 2 సెకన్ల ప్రతిధ్వని అంటే సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర 96,000 తూకాలున్న ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్. నేరుగా లెక్కిస్తే సెకనుకు 460.8 కోట్ల గుణకారాలు. 2,62,144 శాంపిళ్ల ఎఫ్‌ఎఫ్‌టీలతో పెద్ద ముక్కలుగా చేస్తే శాంపిలుకు 96,000 గుణకారాలు వంద ప్రాంతానికి దిగివస్తాయి. కాని ముక్క నిండేదాకా ఆగాలి కదా, మృదంగం మీద దెబ్బ పడ్డాక 3 సెకన్లకు గాని శబ్దం బయటికి రాదు. విలియమ్ గార్డ్‌నర్ 1995లో చూపిన దారి ఈ ముడిని విప్పింది: ప్రతిధ్వనిలో మొదటి చిన్న భాగాన్ని నేరుగా, ఆ తర్వాతి భాగాల్ని క్రమంగా పెద్దవయ్యే ముక్కల్లో ఎఫ్‌ఎఫ్‌టీతో లెక్కిస్తే, ఒక్కో పెద్ద ముక్క అవసరమయ్యే వేళకు దాని లెక్క పూర్తయి ఉంటుంది. ఆలస్యం లేదు, గుణకారాలూ అదుపులోనే ఉంటాయి. పెరిగేది ప్రోగ్రాం రాసేవాడి శ్రమ.

ఇక ఇన్ని లెక్కలు అవసరమా అని అడిగేవారున్నారు, వారి మాటలో బలం లేకపోలేదు. ల్యాప్‌టాప్‌లో, సర్వరులో 64 బిట్ల ఫ్లోట్ దాదాపు ఉచితం. గుణకారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేకన్నా అన్నిటినీ డబుల్‌లో రాసి, తేలిగ్గా చదవగలిగే ప్రోగ్రాం మిగుల్చుకోవడం మేలని వారి వాదన. వినికిడి యంత్రాలు, చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడవాల్సిన సెన్సర్లు తయారుచేసేవారు దీనికి ఒప్పుకోరు. అక్కడ ప్రతి గుణకారం బ్యాటరీలోంచే వస్తుంది. రెండు పక్షాలూ తమ తమ యంత్రాల గురించి నిజమే చెబుతున్నాయి. ఇద్దరూ మరిచిపోయేది ఒకటి: ఈనాటి ప్రాసెసర్లలో గుణకారం కన్నా, సంఖ్యను మెమరీలోంచి తెచ్చుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. కాగితం మీద తక్కువ గుణకారాలున్న క్రమం యంత్రం మీద వెనకబడటం అరుదేమీ కాదు.

ఎంఐటీలో మాటియో ఫ్రిగో, స్టీవెన్ జాన్సన్ రాసిన ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అనే ప్రసిద్ధ లైబ్రరీ అందుకే ఏ క్రమం వేగమైనదో ముందే తేల్చి చెప్పదు. అడిగితే, ఎఫ్‌ఎఫ్‌టీని విడగొట్టే రకరకాల దారుల్ని మీ యంత్రం మీదే నడిపి, గడియారం పెట్టి కొలిచి, గెలిచినదాన్ని ప్రణాళికగా దాచుకుంటుంది. అలా దాచుకున్న ఫలితాలకు దాని రచయితలు పెట్టిన పేరు విజ్డమ్, అంటే జ్ఞానం. ఒక యంత్రం మీద సంపాదించిన ఆ జ్ఞానాన్ని వేరే రకం ప్రాసెసర్ మీదకు మోసుకుపోవద్దని వాడుక పుస్తకంలో వాళ్లే హెచ్చరించారు.